బొంత కాదు, బొమ్మ

గిద్యోను బొమ్మలు వేస్తాడని తెలిసే సారమ్మ పెళ్లికి ఒప్పుకుంది. బొమ్మలంటే ఆమె లెక్కలో నెమలి, లేడి, కాపరి భుజాన గొర్రెపిల్ల, అదృష్టం బాగుంటే ఎప్పుడో ఒకనాడు తన మొహం. పెళ్లయి చిన్న మంగళారం వచ్చిన కొత్తల్లో మొగుడు ఆమెను వెనక కొట్టంలోకి తీసుకుపోయి, గోడకు ఆనించిన కాన్వాసులు ఒక్కొక్కటిగా ఇటు తిప్పి చూపించాడు. ఒకదాని మీద పసుపు, దాని పక్కన నలుపు. ఇంకోదాని మీద అంతా ఇటుక రంగే, మూలకు మాత్రం చారెడు తెలుపు. అడుగున రంగు పూసి ఆరబెట్టుకున్నాడు కాబోలు అనుకుంది సారమ్మ. అన్నీ ఓపిగ్గా చూసి, మంచిగున్నయని మెచ్చుకుని, మరి బొమ్మలు ఎప్పుడు మొదలుపెడతావని అడిగింది.

ఆ ప్రశ్న గిద్యోనుకు అన్నంలో రాయిలా చాలా రోజులు తగులుతూనే ఉంది.

అతను చేవెళ్ల హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. బడిలో నల్లబల్ల మీద మామిడిపండు, కడవ, కందిలి చక్కగానే గీసేవాడు. పిల్లలు ఆ పండును చూసి నోరూరించుకునేవాళ్లు. ఇంటికొస్తే మాత్రం పండూ లేదు, కడవా లేదు. ఉన్నదాన్ని మళ్లీ వేయడం దేనికి, ఉన్నది ఎట్లాగూ ఉండనే ఉన్నది కదా అనేవాడు. పట్నంలో, హైదరాబాదు బొమ్మల కాలేజీలో చదువుకునేటప్పుడు జాఫర్ సాబ్ అనే పంతులు అతని తలలో ఈ పురుగు దూర్చాడు. రంగుకు దాని బతుకు దానికి ఉంటుందట, చెట్టుకో మనిషికో అది చాకిరీ చేయనక్కర్లేదట.

అత్త కరుణమ్మ ఈ సంగతి దేవుడికి అప్పజెప్పి ఊరుకుంది. ఒకసారి చర్చి పెద్దలు గోడ మీద యేసుప్రభువు బొమ్మ వేయమని అడిగితే, ప్రభువు అంటే వెలుగే కాబట్టి వెలుగు వేస్తానన్నాడట గిద్యోను. పెద్దలు మర్యాదగా లేచి వెళ్లి, సినిమా బోర్డులు రాసే మనిషిని మొయినాబాద్ నుంచి పిలిపించుకున్నారు. అప్పటి నుంచి కరుణమ్మ పొద్దుటి ప్రార్థనలో ఒక మాట చేరింది. "ప్రభువా, నా కొడుకు కండ్లు తెరువు. చెట్టు చెట్టులెక్క, గొడ్డు గొడ్డులెక్క అగుపడేటట్టు చెయ్యి" అని కొడుక్కు వినపడేటట్టే వేడుకునేది. కోడలు వెనక నిలబడి ఆమెన్ అనేది, కాస్త గట్టిగానే.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలై బళ్లు మూతపడ్డాయి. ఊళ్లో బాల్‌రాజ్ పటేలు పొలం పనులు జీతగాళ్లకు వదిలేసి ఊరేగింపుల్లో పడ్డాడు. అతనొచ్చి అడిగితే గిద్యోను ఎర్రగుడ్డ మీద తెల్లరంగుతో జై తెలంగాణ అని రాసిచ్చాడు. అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నాయంటే, ఇంత చక్కగా రాసేవాడికి ఆ పిచ్చి గీతలు ఏం కర్మ అని బాల్‌రాజ్ అక్కడే నిలబడి బాధపడ్డాడు. మిగతా పొద్దంతా గిద్యోను కొట్టంలోనే ఉండేవాడు. జీతం మీద నమ్మకం లేదు, బడి మీద ఆశ లేదు. అయినా ఆ ఎండాకాలం అతను ఉన్నంత కుశాలుగా సారమ్మ ఎన్నడూ చూడలేదు. ఊరంతా మండుతుంటే ఈ మనిషి ఒక నీలం పక్కన ఒక బూడిద రంగు పెట్టుకుని, దాని పక్కన ఎరుపు పెట్టాలా వద్దా అని నెలల తరబడి గడ్డం గోక్కున్నాడు. ఆఖరుకు పెట్టాడు.

ఆ బొమ్మ కోసమే జాఫర్ సాబ్ కబురు పంపాడు. ఢిల్లీలో పెద్ద ప్రదర్శన, పట్నం నుంచి బొమ్మల పెట్టె పోతున్నది, ఉన్నవాటిలో మంచిది వెంటనే పట్టుకురమ్మన్నాడు. బస్సులు లేవు. ఊళ్లో అంజయ్య వంకాయల బండి పట్నంలో మీరాలం మండికి పోతుంటే, దాని మీద దుప్పట్లో చుట్టిన బొమ్మను పెట్టుకుని గిద్యోను బయలుదేరాడు. దారిలో ఎవరైనా ఏమన్నా అడిగితే మొగుడి నోట మంచి మాట రాదని సారమ్మకు తెలుసు. అందుకని తనూ బండెక్కింది.

గండిపేట దగ్గర పోలీసులు ఆపారు. పట్నం తాగే నీళ్ల చెరువు కాబట్టి గొడవల రోజుల్లో అక్కడ డేరా వేసి కాపలా పెట్టారు. ఆ కాపలాకు పెద్ద ఎస్.ఐ. వీరరాఘవులు, గుంటూరు వైపు మనిషి. వంకాయలు కదిలించి చూశాడు. తర్వాత దుప్పటి విప్పించాడు.

పెద్ద నీలం మడుగు. దాన్ని అడ్డంగా కోస్తూ బూడిదరంగు పట్టీ. పట్టీ పక్కన ఎర్రటి మచ్చ. వీరరాఘవులు బొమ్మకేసి చూశాడు, చెరువుకేసి చూశాడు, కట్టకేసి చూశాడు. మళ్లీ బొమ్మలోని ఎర్రమచ్చ దగ్గరకొచ్చి ఆగాడు.

"ఏంటిది?"

"అబ్‌స్ట్రాక్ట్ సార్."

"అబ్‌స్ట్రక్షనా? అది జరక్కుండా చూడ్డానికే కదయ్యా మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టింది."

ఇది చెరువు పటం కాదా అని అడిగాడు. చెరువు కానే కాదన్నాడు గిద్యోను. మరి దేన్ని చూసి గీశావంటే, దేన్నీ చూడలేదు, లోపల్నుంచి వచ్చిందన్నాడు. లోపల ఎవరున్నారని ఎస్.ఐ. నెమ్మదిగా అడిగాడు. సారమ్మ బండి మీద నుంచి కళ్లతో సైగ చేసింది గానీ గిద్యోను అప్పటికే ఆమెను చూసే స్థితిలో లేడు. పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషి తన బొమ్మ గురించి ఇన్ని ప్రశ్నలు అడగడం అదే మొదటిసారి. అతని మొహం వెలిగిపోతున్నది.

"ఈ నీలం ఉన్నది చూసిండ్రా సార్, జాగంతా నాదే అంటున్నది. ఎరుపుకు చోటు లేదు, అది నెడుతున్నది. ఆ కొట్లాట అగుపడాలె. అందుకే నడుమ గీత కొట్టి రెండుగ విడగొట్టిన."

"విడగొట్టావా?"

"విడగొట్టక తప్పదు సార్. రెండూ ఒక్కటిగ ఉంటే దేనికీ ఊపిరాడదు."

పక్కన రాసుకుంటున్న జవాను చేయి ఆగిపోయింది. అంజయ్య తలకు చుట్టిన తువ్వాలు విప్పి మొహం మీదికి దించుకున్నాడు. ఆ ఏడాది ఆ మాటలు, అదీ గుంటూరు మనిషి ముందర, ఊరేగింపులో బాల్‌రాజ్ కూడా అంత విడమరిచి అనలేదు.

సారమ్మ బండి దిగింది. కొంగు తల మీదికి లాక్కుని, బొమ్మకు ఎస్.ఐ.కి మధ్య నిలబడింది.

"అది బొంత సార్" అంది.

వీరరాఘవులుకు అర్థం కాలేదు. బొంత నమూనా అని ఆమె విడమరిచింది. మా అత్తమ్మ బొంతలు కుడుతుంది, ఏ గుడ్డ ఎక్కడ పెట్టాలో ముందుగా కొడుకు చేత గీయించుకుంటుంది, కొడుకు చదువుకున్నవాడు కాబట్టి మాటలు ఎక్కువ, అంతే తప్ప ఇందులో ఇంకేం లేదు. గిద్యోను నోరు తెరిచాడు. సారమ్మ అతని కాలి బొటనవేలి మీద తన మడమ వేసి నిలుచుంది.

ఎస్.ఐ. బొమ్మను వెనక్కి ముందుకి తిప్పాడు. తన అమ్మమ్మ కూడా బొంతలు కుట్టేదని, కానీ దానికి ఇంత చదువు చదవలేదని అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, భయం మనిషి. వదిలేస్తే పైవాళ్లు ఏమంటారో, పట్టుకుంటే బొంతను పట్టుకున్నాడని తోటివాళ్లు ఏమంటారో తేల్చుకోలేక, మధ్యస్థంగా ఒక తీర్పు చెప్పాడు. బొమ్మ డేరాలో ఉంటుంది. నిజంగా బొంతే అయితే బొంత తెచ్చి చూపించి తీసుకుపోవచ్చు.

అంజయ్య వంకాయలతో పట్నం దారి పట్టాడు. మొగుడూ పెళ్లాలు కాలినడకన వెనక్కి తిరిగారు. అజీజ్‌నగర్ దాటాక గిద్యోను దారి మధ్యలో ఆగాడు.

"లోపలేస్తే ఏసేటోడు. రాజద్రోహి అన్నా పడేటోన్ని. బొంత అంటవా?" అన్నాడు.

"లోపలేస్తే నీకు బువ్వ ఎవరు తెస్తరు? నీలం తెస్తదా, ఎరుపు తెస్తదా?" అంది సారమ్మ.

ఇంటికొచ్చి గిద్యోను మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్తాకోడళ్లు పాతగుడ్డల మూట విప్పారు. కరుణమ్మకు ఇది బాగా నచ్చింది. కొడుకు బొమ్మల్లో ఒక్కటైనా నలుగురికీ పనికొచ్చే రూపంలోకి మారుతున్నందుకు లోపల్లోపల దేవుడికి కృతజ్ఞతలు కూడా చెప్పుకుంది. చిక్కల్లా ఒక్కటే. ఎండాకాలమంతా ఆ బొమ్మ చుట్టూ ఊడ్చిన సారమ్మకు, అది ఎట్లా ఉంటుందో గుర్తు రావడం లేదు. నీలం తెలుసు, బూడిద రంగు తెలుసు, ఎరుపు తెలుసు. ఏది ఎంత, ఎక్కడ అని అడిగితే మాత్రం చెప్పలేదు. అన్నాళ్లు ఒక్క ఇంట్లో ఉండి చూడనే లేదన్నమాట. ఆమెకు కొంచెం సిగ్గేసింది. ఆ సిగ్గు పైకి కనపడకుండా ఒక నీలం లంగా గుడ్డ తీసి పరిచింది.

"ఆ నీలం గాదు" అని మంచం మీద నుంచి వినిపించింది.

అంతే, ఇక అతన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఆ నీలం మరీ మురిసిపోతున్నదట, ఇంకొంచెం అలిగినట్టున్న నీలం కావాలట. కరుణమ్మ పెళ్లినాటి చీర కొంగులో దొరికింది ఆ అలిగిన నీలం. కోస్తుంటే ఆమె కళ్లు మూసుకుంది. బూడిద రంగుకు చనిపోయిన తండ్రి కోటు పనికొచ్చింది. కుట్టింది విప్పించాడు, విప్పింది కుట్టించాడు, మళ్లీ విప్పించాడు. కరుణమ్మ సూది దించి, మీ అయ్య బతికున్నప్పుడు కూడా నన్ను ఇంత సతాయించలేదురా అని నిట్టూర్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లు చూడటానికి వచ్చి, వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చుని కుట్టసాగారు. బొమ్మలప్పుడు ఎన్నడూ ఆ గడప తొక్కనివాళ్లు బొంత అనేసరికి తలా ఒక సలహా ఇచ్చారు. గిద్యోను అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పడం చూసి సారమ్మ ఆశ్చర్యపోయింది.

ఎరుపు మాత్రం దొరకలేదు. బాల్‌రాజ్ భార్య అరుణమ్మ ఇచ్చిన చీరముక్క వంకాయ రంగుకు పోయిందని తిప్పి పంపాడు. చివరికి బాల్‌రాజ్ దగ్గరకే పోయి, ఊరేగింపులో లాఠీ దెబ్బలకు చినిగి మూలపడ్డ ఎర్రగుడ్డ అడిగాడు. తను రాసిన అక్షరాల్లో జై ఒక్కటే మిగిలింది దాని మీద. గుడ్డ దేనికో తెలిశాక బాల్‌రాజ్ చాలాసేపు నవ్వి, పోలీసోళ్లకు చూపించేటందుకైతే ఇంకో రెండు జెండాలు కూడా పట్టుకుపొమ్మన్నాడు. సారమ్మ ఆ అక్షరాన్ని లోపలివైపుకు మడిచి, అడుగున రెండు పొరలు వేసి పరిచింది.

ముక్కలన్నీ వాకిట్లో పరిచి ఉన్నాయి. ఇక కుట్టడమే తరువాయి. నీళ్లు తాగుదామని లోపలికి పోయి వచ్చిన సారమ్మ గడప మీద ఆగింది. ఎరుపు ఎందుకో ఇరుకున పడ్డట్టు కనిపించింది. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే చేయి తనంతట తనే పోయినట్టు, ఆమె కాలి బొటనవేలితో ఆ ముక్కను జానెడు ఎడమకు జరిపింది.

గిద్యోను అరవబోయాడు. అరవలేదు. లేచి వచ్చి ఆమె పక్కన గడప మీద నిలబడి చాలాసేపు చూశాడు.

"ఎందుకు జరిపినవ్?"

"ఏమో. ఆడ దానికి ఊపిరాడుతలేదు" అంది సారమ్మ. అన్నాక తన నోట ఆ మాట వచ్చినందుకు తన మీద తనకే చిర్రెత్తింది. కరుణమ్మ కోడలి వైపు చూసిన చూపులో, ఒకరికి పట్టింది చాలదా అన్నట్టు ఉంది. గిద్యోను మాత్రం వెళ్లి కూర్చుని, ఆ ముక్కను అక్కడే కుట్టనిచ్చాడు.

బొంత పట్టుకుని మళ్లీ అంజయ్య బండి మీద గండిపేట పోయారు. వీరరాఘవులు బొమ్మను బయటకు తెప్పించి బండికి ఆనించి, పక్కన బొంత పట్టుకోమని ఇద్దరు జవాన్లను నిలబెట్టాడు. డేరాలోని పోలీసులంతా చుట్టూ చేరారు. గిద్యోను బొమ్మను అంతమంది ఒక్కసారి చూడటం అదే మొదలు. నీలం సరిపోయింది, పట్టీ సరిపోయింది. ఎర్రమచ్చ బొమ్మలో ఒకచోట, బొంతలో ఒకచోట ఉందని ఒక జవాను పట్టేశాడు.

ఎస్.ఐ. మొహంలో పాత అనుమానం మళ్లీ తలెత్తింది. కుట్టేటప్పుడు కొంచెం జరుగుతుందని సారమ్మ అనబోతుంటే గిద్యోను అడ్డం వచ్చాడు.

"బొంతల ఉన్నదే కరెక్టు సార్. బొమ్మల తప్పు పడ్డది."

పోలీసుల కోసం చెప్పిన మాట కాదది. అతను ఎస్.ఐ. వైపు చూడనే లేదు. బొంతనూ బొమ్మనూ మార్చి మార్చి చూస్తూ, పరీక్షలో తప్పిన పిల్లవాడిలా నిలబడ్డాడు. వీరరాఘవులు మాత్రం తేలికపడ్డాడు. తప్పు ఒప్పుకునేవాడు కుట్రలు చేయడని అతని నమ్మకం కాబోలు. బొమ్మ తీసుకుపొమ్మన్నాడు. తర్వాత బొంత అంచు పట్టుకుని వదల్లేక, తన భార్యకు నెలలు నిండాయని, రైళ్లు ఆగిపోయి పుట్టింటికి పంపలేకపోయానని, ఈ ఊళ్లో మాకు పాత చీరలిచ్చే ముసలివాళ్లు కూడా ఎవరూ లేరని ఎటో చూస్తూ చెప్పాడు. ఎంతకిస్తారని అడిగాడు.

"పుట్టేటి బిడ్డకు కప్పుండ్రి సార్. పైసలెందుకు" అంది సారమ్మ.

బండి మలుపు తిరిగాక ఆమెకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. గిద్యోను ఏమైందని అడిగితే, గుంటూరు పిల్లగాడు జై కప్పుకొని పండుకుంటడని చెప్పింది. అంజయ్య ఎడ్లను ఆపి మరీ నవ్వాడు. గిద్యోనుకు మాత్రం నవ్వు పూర్తిగా రాలేదు. దుప్పటి పక్కకు తీసి ఎర్రమచ్చకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

పట్నంలో మల్లేపల్లి దగ్గర జాఫర్ సాబ్ ఇల్లు చేరేసరికి ఢిల్లీ పెట్టె వెళ్లిపోయింది. ఏదో లారీ దొరికితే దానికి ఎక్కించేశారట. ముసలాయన చాయ్ తాగించి, పోయినదాని గురించి ఫికర్ చేయొద్దు, వచ్చే ఏడు చూద్దామన్నాడు. సారమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చీరలు కోసి, కోటు కోసి, వేళ్లు పొడుచుకుని తెచ్చింది ఇందుకా అనుకుంది. గిద్యోను మాత్రం పోతే పోయింది, మంచిదే అయిందన్నాడు. ఎరుపు తప్పుగా ఉన్నది, ఢిల్లీదాకా పోయి ఉంటే నలుగురిలో తల ఎత్తుకోలేకపోయేవాడినన్నాడు. జాఫర్ సాబ్ బొమ్మను కిటికీ వెలుగుకు పెట్టించుకుని, కళ్లజోడు పైకి తోసి చూశాడు. ఔను, నిజమేనన్నాడు. ఎవరు పట్టుకున్నారు ఇది అని అడిగాడు. గిద్యోను గడ్డంతో పెళ్లాన్ని చూపించాడు. ముసలాయన లేచి ఆమెకు ఆదాబ్ చేశాడు. సారమ్మకు ఏం చేయాలో తోచక తనూ లేచి నిలబడింది. ఇద్దరూ అట్లా నిలబడే ఉన్నారు కాసేపు.

ఊరు చేరిన రాత్రి ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఇంత చేస్తే మళ్లీ గీకేస్తావా అని సారమ్మ. గీకకపోతే నిద్ర పట్టదని గిద్యోను. గీకాడు. బళ్లు తెరిచి మామిడిపండ్లు, కడవలు మళ్లీ మొదలయ్యాక కూడా సాయంత్రాలు ఆ బొమ్మ మీదే కూర్చున్నాడు. మధ్యమధ్య సారమ్మను పిలిచి గడప మీద నిలబడమనేవాడు. చేతికి పిండి అంటుకుని ఉందనో, పాలు పొంగుతాయనో సణుగుతూనే వచ్చి నిలబడేది. ఆమె ఏమీ అనకుండా వెళ్లిపోతే సరిగా ఉన్నట్టు. కాసేపు ఆగితే మళ్లీ చూసుకోవాలన్నట్టు.

మరుసటి ఏడు బొమ్మ రైలెక్కి ఢిల్లీ పోయింది, గోడకెక్కింది. చూడటానికి పోయే స్తోమత ఎవరికీ లేదు. కానీ పట్నం పేపరు ఒకటి ఆ ప్రదర్శన గురించి రాస్తూ బొమ్మను అచ్చు వేసింది. బాల్‌రాజ్ ఆ పేపరు పట్టుకుని పొలం గట్ల మీదుగా పరుగులాంటి నడకతో వచ్చాడు. అచ్చులో నీలమూ లేదు, ఎరుపూ లేదు, అంతా బొగ్గు రంగే. కింద మాత్రం గిద్యోను, చిన్న మంగళారం అని చక్కగా ఉంది. గిద్యోను తన పేరు తల్లికి ఒకటికి రెండుసార్లు చదివి వినిపించాడు. కరుణమ్మ కళ్లు తుడుచుకుని, ఊరి పేరు ఇంకోసారి చదవమంది.

సారమ్మ పేపరు చేతిలోకి తీసుకుని చూసింది. చూసి, దాన్ని తలకిందులు చేసి మొగుడి చేతిలో పెట్టింది.

గిద్యోను చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. పేపరువాళ్లు బొమ్మను తిరగేసి అచ్చు వేశారు. వాళ్ల సంగతి సరే, పేరు చదువుకునే సంబరంలో తను కూడా గమనించలేదు.

దాన్ని గోడకు ఎట్లా అంటించాలన్న దాని మీద తగువు వచ్చింది. పేరు తిన్నగా ఉండాలని కరుణమ్మ పట్టు. పేరు తలకిందులైతే మనిషికి అరిష్టమంది, బాల్‌రాజ్ కూడా ఆమె వైపే. బొమ్మ తిన్నగా ఉండాలని సారమ్మ. మైదాపిండి ఉడికించిన గిన్నె పట్టుకుని గిద్యోను మధ్యలో నిలబడ్డాడు. చివరకు బొమ్మనే తిన్నగా అంటించాడు.

ఆ తర్వాత ఆ ఇంటికి ఎవరొచ్చినా గోడ దగ్గర ఆగి, మెడ వంకర పెట్టి, తల దాదాపు భుజం మీదికి వాల్చి మాస్టరు పేరు చదివేవాళ్లు. చదివాక తల సరిచేసుకుని, ఎట్లాగూ ఆగారు కాబట్టి, ఒక క్షణం బొమ్మను కూడా చూసిపోయేవాళ్లు.